తీసేసిన రబ్బరు

తోట వర్క్‌షాపులో మేస్త్రి బిగించిన బోల్టు విప్పాలంటే మళ్ళీ మేస్త్రే రావాలి. ఇది పొగడ్తో తిట్టో తేల్చి చెప్పినవాళ్ళు లేరు గానీ, అందరూ అతన్ని బిగింపు మేస్త్రి అనే పిలిచేవాళ్ళు. నీళ్ళ మోటార్లు, మందు కొట్టే మిషన్లు, ట్రాక్టర్లు, ఏది పాడైనా ఆ రేకుల షెడ్డుకే రావాలి. వచ్చినదాన్ని అతను ముందు రెండు చేతులా పట్టుకుని ఊపి చూసేవాడు. ఎక్కడ ఊగితే అక్కడే జబ్బని అతని సిద్ధాంతం. ఊగేదాన్ని బిగించేవాడు, బిగుసుకోనిదాన్ని పీకి కొత్తది వేసేవాడు. ఇంట్లో సీసాల మూతలు పొరపాటున అతను పెడితే, వాళ్ళావిడ పక్కింటికి పట్టుకెళ్ళి తీయించుకునేది.

అతని బావ, అంటే సొంత అక్క మొగుడు, అదే తోటలో అంట్లు కట్టేవాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే గేట్లోంచి పనికొస్తున్నారు. రెండు వందల ఎకరాల నారింజ తోట అది. అందులో సగం చెట్లు బావ చేతుల మీదుగా వచ్చినవే. పుల్లనిమ్మ మొక్క కాండం మీద బెరడు చీల్చి, మంచి చెట్టు నుంచి కోసి తెచ్చిన మొగ్గని అందులోకి జొనిపి, పైన పల్చటి ప్లాస్టిక్ పట్టీ చుట్టడం అతని పని. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి వచ్చేసరికి, బెరడు సులువుగా లేస్తుందో లేదో బొటనవేలితో తడిమి తెలుసుకోవాలి. మొగ్గ వెనక తడితడిగా ఉండే పొరకి గోరు గీసుకుందంటే ఆ మొగ్గ దండగ. పట్టీ మరీ బిగిస్తే మొగ్గ నలిగి చస్తుంది, వదిలేస్తే ఎండి చస్తుంది. ఎంత బిగించాలో కంటికి కనపడేది కాదు. బావ వంద అంట్లు కడితే తొంభై అయిదు పట్టేవి. మిగతావాళ్ళు కడితే డెబ్బై పట్టడమే గొప్ప.

ఇక వాళ్ళిద్దరి మాటల సంగతి. బావా బావమరుదులన్నాక వేళాకోళం ఉంటుంది, ఎవరింట్లోనైనా ఉంటుంది. కానీ వీళ్ళకి వేళాకోళం తప్ప ఇంకో భాషే లేదు. ఒకసారి మేస్త్రి జ్వరంతో వారం రోజులు మంచాన పడితే, చూడ్డానికి వచ్చిన బావ, "నువ్వు లేక షెడ్డులో బోల్టులన్నీ హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాయిరా" అన్నాడు. అంతే అతని పరామర్శ. సాయంత్రం దాకా ఆ మంచం పక్క నుంచి కదలకుండా కూర్చున్నాడు, అది వేరే సంగతి. మేస్త్రి కూడా తక్కువ తినలేదు. బావకి మోకాళ్ళు అరిగి తోటంతా నడవలేని స్థితి వచ్చినప్పుడు, "మా అక్కకి ముందే చెప్పా, కాళ్ళు చూసి చేసుకోవే అని" అన్నాడు. అన్నవాడే వెళ్ళి సూపర్‌వైజరు వెంటపడి, రెండు నెలలు పీడించి, బావకి బండి ఇప్పించాడు.

ఆ బండి ఏటీవీ. నాలుగు లావుపాటి చక్రాలు, కాళ్ళు చెరో పక్కా వేసి కూర్చునే సీటు, మోటారు సైకిలుకి ఉన్నట్టే హ్యాండిలు. రాళ్ళ మీదా కాలవ గట్ల మీదా ఎలాగంటే అలా పాకిపోయేది కనుక పనివాళ్ళు దానికి పీత అని పేరు పెట్టారు. బావ పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు దాని మీద తోటంతా తిరిగేవాడు. ఏ చెట్టు మొగ్గలు కోతకి వచ్చాయో చూసుకునేవాడు, నాలుగు మూలలా ఉన్న నారుమళ్ళకి వెళ్ళి అంట్లు కట్టుకునేవాడు. దారంతా గులకరాళ్ళు. అయినా కాళ్ళకి సుఖంగా ఉందని అక్కతో చెప్పాడట. అక్క ఆ మాట తమ్ముడితో చెప్పి మురిసిపోయింది.

ఆర్నెల్లకి పీత మొదటిసారి సర్వీసుకి షెడ్డులోకి వచ్చింది. మేస్త్రి అలవాటు ప్రకారం హ్యాండిలు రెండు కొసలూ పట్టుకుని ఊపాడు. అది కొంచెం ఊగింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. విప్పి చూస్తే, హ్యాండిలు కూర్చునే చోట, ఇనుముకీ ఇనుముకీ మధ్య నాలుగు రబ్బరు బుష్షులున్నాయి. వేలితో నొక్కితే లొత్తపడేంత మెత్తగా ఉన్నాయి.

"ఇంత పెద్ద కంపెనీ పెట్టుకుని, హ్యాండిలు కింద రబ్బరు పెడతారా ఎవరైనా" అన్నాడు అక్కడున్న ట్రాక్టరు డ్రైవరుతో.

"ఏదో కారణం ఉంటుందేమో మేస్త్రీ."

"ఏంటి కారణం? మిగిలిపోయిన రబ్బరు వదిలించుకోవడమే కారణం."

తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మనిషితో డ్రైవరుకెందుకు గొడవ. మేస్త్రి ఆ పూటంతా లేతు మిషను ముందు నిలబడి, వెంట్రుక వాసి తేడా లేకుండా నాలుగు ఇనుప బుష్షులు తీశాడు. వాటిని సుత్తితో దించి, పానాకి పొడవాటి పైపు తొడిగి, ఒంటి బరువంతా మోపి బిగించాడు. పనిలో పనిగా చక్రాలకి కూడా రాయిలా అయ్యేదాకా గాలి కొట్టాడు. ఆ తర్వాత షెడ్డు ముందు ఖాళీ స్థలంలో ఒక్క చుట్టు తిప్పి చూశాడు. అతని పరీక్ష ఎప్పుడూ ఆ ఒక్క చుట్టే. హ్యాండిలు ఇప్పుడు బండికి మొలిచినట్టుంది. వారం రోజులు కనపడినవాడికల్లా చెప్పుకున్నాడు, కంపెనీవాడు చేసిన తప్పు తను దిద్దానని. బావ కూడా ఒక చుట్టు తిప్పి, "నీ పీత ఇప్పుడు నా మాట వింటోందిరా, మీ అక్క కంటే నయం" అన్నాడు. అతని దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు దొరకదు.

అది జరిగి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో బావ మూడుసార్లు చెప్పాడు. ఆ మూడుసార్లనీ మేస్త్రి తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నాడో లెక్కలేదు.

మొదటిసారి టీ తాగుతూ చెప్పాడు. "బామ్మర్దీ, నీ బండి దిగి ఇంటికి పోయినా నా చేతులు ఇంకా బండి మీదే ఉంటున్నాయిరా. జుమ్మని ఒకటే మోత." మేస్త్రి, "అయితే మంచిదేగా, పప్పు గిన్నె పట్టుకుని కూర్చో, అదే మెదుగుతుంది, అక్కకి పని తగ్గుతుంది" అన్నాడు. టీ దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ బావే నవ్వాడు.

రెండోసారి ఆ టీ గ్లాసే చేతిలోంచి జారి పగిలింది. బావ తన వేళ్ళ వంక చూసుకుంటూ, "చీమలు పాకుతున్నట్టుంది. గ్లాసు ఉందనుకున్నా, లేదు" అన్నాడు. "వయసు మీద పడుతోంది బావా, ఇక నీకు పాలసీసాయే" అన్నాడు మేస్త్రి.

మూడోసారి నోటితో చెప్పలేదు. పీత మళ్ళీ సర్వీసుకి వచ్చినప్పుడు చూస్తే, హ్యాండిలు రెండు పక్కలా పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి, వరస మీద వరస చుట్టి ఉన్నాయి. అంట్లు కట్టే చేత్తో చుట్టినవి కాబట్టి వరసలు మాత్రం ఎక్కడా తప్పలేదు. మేస్త్రి దాన్ని చూసి, "ఏం దెబ్బ తగిలిందని కట్టు కట్టావు బావా దీనికి?" అన్నాడు. బావ, "దెబ్బ దానికి కాదులేరా" అని, నవ్వి, నారుమడి వైపు వెళ్ళిపోయాడు. మేస్త్రి బ్లేడు తీసుకుని ఆ ట్యూబు ముక్కలన్నీ కోసి పారేశాడు. జిగురు అంటుకున్నచోట కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్త గట్టి గ్రిప్పులు తొడిగి, మెరిసేలా చేసి పంపాడు. బావ సాయంత్రం వచ్చి బండి చూసుకున్నాడు. గ్రిప్పుల మీద ఒకసారి చెయ్యి పెట్టాడు. "పెళ్ళికొడుకులా చేశావు కదరా" అని, ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ట్యూబు చుట్టలేదు.

ఆ ఏడాది అంట్లు పోయాయి. నాలుగు నారుమళ్ళలో మూడు చోట్ల సగానికి సగం మొగ్గలు నల్లబడి రాలాయి. సూపర్‌వైజరు విత్తనాన్ని అనుమానించాడు, నీళ్ళని అనుమానించాడు, ఎండని తిట్టాడు. బావ చేతిని అనుమానించాలని ఆయనకి తోచలేదు. పట్టీలు విప్పి చూస్తే కొన్ని కాండంలోకి కోసుకుపోయేంత బిగుతుగా ఉన్నాయి, కొన్ని వేలు దూరేంత వదులుగా ఉన్నాయి. బావ ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఆ రోజు మధ్యాహ్నం టీకి రాలేదు.

ఇంకో వారానికి అక్క షెడ్డుకి వచ్చింది. ఆమె ఎప్పుడూ వర్క్‌షాపులో అడుగు పెట్టిన మనిషి కాదు. మేస్త్రి కంగారుగా స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"మీ బావ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారో తెలుసా నీకు?" అంది.

"అదేం ప్రశ్నే అక్కా."

"నేను పెడుతున్నా. అయిదు నెలల నుంచి. గుండీ చేతిలో ఉందో లేదో ఆయనకి తెలీట్లేదు. నిన్న కత్తి తగిలి వేలు కోసుకుంది, రక్తం మొక్క మీద కారుతుంటే పక్కనున్న ఆవిడ చూసి చెప్పిందట. ఆయనకి తెలీలేదు. చలి వేసినప్పుడు వేళ్ళ కొసలు సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోతున్నాయి."

మేస్త్రి చేతిలోని పానా బల్ల మీద పెట్టాడు. "నాతో చెప్పలేదేంటి మరి?"

"మూడుసార్లు చెప్పాడట కదరా నీకు. చెప్పాను, వాడు నవ్వాడు, నేనూ నవ్వాను అన్నాడు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా?"

"వేళాకోళానికి అన్నాడనుకున్నాను."

"అనుకుంటావు. మీ ఇద్దరికీ అది తప్ప ఏం వచ్చు గనక" అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే పూచీ నీదే అని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మేస్త్రి బావని ఇంటి దగ్గరే ఉండమని కబురు పెట్టి, పీతని తనే తీశాడు. షెడ్డు ముందు చుట్టు దాటి ఆ బండి మీద వెళ్ళడం అతనికి అదే మొదలు. ఎక్కడెక్కడ ఆగుతాడో నారుమడి వాళ్ళని అడిగి తెలుసుకుని, బావ తిరిగే దారంతా తిరిగాడు. మొదటి పావుగంట బాగానే ఉంది. అరగంటకి అరచేతుల్లో దురదలాంటిదేదో మొదలయింది. ఇంజను మోత, గులకరాళ్ళ అదురు, రాయిలాంటి టైర్ల దెబ్బ, అన్నీ కలిసి ఆ ఇనుప బుష్షుల మీదుగా, ఎక్కడా ఆగకుండా, నేరుగా ఎముకల్లోకి దిగుతున్నాయి. గంటకి వేళ్ళ కింద గ్రిప్పు ఉందో లేదో తెలియకుండా పోయింది. తెలియకపోయేసరికి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నకొద్దీ అదురు మోచేతుల దాకా ఎక్కింది. చెయ్యి వదులు చేద్దామంటే, అలా చేస్తే బండి ఎటు పోతుందోనని భయం.

రెండు గంటలకి ఒక చెట్టు కింద ఆపి దిగాడు. బండి ఆగినా చేతులు ఆగలేదు. జేబులో ఎప్పుడూ ఉండే నట్టు ఒకటి తీద్దామని చెయ్యి పెట్టాడు. తాళంచెవి ఏదో, నట్టు ఏదో, గుడ్డ మడత ఏదో వేళ్ళు చెప్పలేదు. చివరికి జేబు బయటికి తిరగేసి, నట్టుని అరచేతిలో వేసుకుని కళ్ళతో చూడాల్సొచ్చింది. దాని లోపలి మరలు వేలితో తడిమితే నున్నగా తగిలాయి. ముప్పై ఏళ్ళుగా చీకట్లో కూడా వేలితో తడిమి నట్టు సైజు చెప్పినవాడు. మేస్త్రి ఆ చెట్టు కింద కూలబడ్డాడు. అతనికి భయం వేసింది. తన చేతులు ఇంకో గంటలో మామూలవుతాయని తెలిసినా భయం వేసింది. ఆ తర్వాత సిగ్గేసింది. బావ రెండేళ్ళు, రోజూ నాలుగు గంటలు ఇలా తిరిగి, దిగి, ఈ చేతులతోనే కత్తి పట్టుకుని మొగ్గలు కోశాడు. కోసి, సాయంత్రం షెడ్డు దగ్గరికి వచ్చి జోకులు వేశాడు. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని మేస్త్రి చాలాసేపు ఏడ్చాడు. కన్నీళ్ళు వేళ్ళ మీద పడినట్టు కనపడింది గానీ తెలియలేదు.

ఆ తర్వాత మూడు రోజులు అతను షెడ్డులో ఇంకో పని ముట్టుకోలేదు. ఇనుప బుష్షుల్ని సుత్తితో కొట్టి పీకాడు, సొంత బిగింపు విప్పడానికి అతనికే పూట పట్టింది. కంపెనీ రబ్బరు బుష్షులు తెప్పించి వేశాడు. హ్యాండిలు బోలు గొట్టం కదా, దాని రెండు కొసల్లో సీసపు గుళ్ళూ రబ్బరు జిగురూ కలిపి దట్టించాడు. కొసల్లో బరువుంటే అదురు చచ్చిపోతుందని పట్నంలో ఏటీవీలు రిపేరు చేసేవాడొకడు ఫోనులో చెప్పాడు. లావుపాటి మెత్తటి గ్రిప్పులు తొడిగాడు. మణికట్లు వంగకుండా ఉండేలా హ్యాండిల్ని కాస్త పైకి తిప్పాడు. చక్రాల లోపల గట్టిపడిన బురదంతా గీకితే తట్టెడు వచ్చింది. ఒక పక్కకి అంత బరువుంటే చక్రం ఎగరక ఏం చేస్తుంది. ఇక గాలి సంగతి. ఎంత గాలి కొట్టాలో టైరు పక్క అంచు మీదే అచ్చు పోసి ఉంది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా అతను వంగి చదవలేదు. చదివితే, తను కొడుతున్నది దానికి నాలుగింతలని తేలింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అదీ కాలినవి ఇంకొకరి చేతులు.

డాక్టరు దగ్గరికి ఇద్దరే వెళ్ళారు. ఆయన బావ కళ్ళు మూయించి, వేళ్ళ కొసల మీద ఒకసారి దూది, ఒకసారి సూది ఆనించి అడిగాడు. బావ ఎక్కువసార్లు తప్పు చెప్పాడు. తప్పు చెప్పినప్పుడల్లా మేస్త్రి గోడ మీద క్యాలెండరు చదివాడు. చాలాకాలం అదురు పడటంతో వేళ్ళ కొసల్లో సన్నటి నరాలూ రక్తనాళాలూ దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు. ఇక బండి ఎక్కకూడదు, చేతులు వెచ్చగా ఉంచుకోవాలి, బీడీ సిగరెట్టు ముట్టకూడదు. కొందరికి కొంత తిరిగి వస్తుంది, కొందరికి రాదు, ఆర్నెల్లు చూస్తే గానీ చెప్పలేమన్నాడు. మొదట్లోనే వచ్చుంటే మాట వేరని కూడా అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు.

చీటీ రాస్తూ, "ఆ బండి హ్యాండిలుకి రబ్బరు లాంటిదేమీ ఉండదా? ఇంత అదురు రాకూడదే" అన్నాడు డాక్టరు.

మేస్త్రి నోరు తెరిచాడు.

"ఉండేదేనండీ" అన్నాడు బావ, అతనికంటే ముందే. "పాతబడి ఎక్కడో ఊడిపోయుంటుంది. మా బామ్మర్ది ఈమధ్యే చూసి మళ్ళీ కొత్తది వేశాడు. మంచి పనిమంతుడండీ."

మేస్త్రి మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగాడు. బావకి అంతా తెలుసు. తెలియకేం, ఇనుప బుష్షుల గొప్ప తోటంతా చాటింపు వేసింది తనే కదా. రెండేళ్ళూ తెలిసే ఆ బండి ఎక్కాడు. మార్చమని అడిగితే బామ్మర్ది చిన్నబుచ్చుకుంటాడని ఎక్కాడో, అడిగినా వాడు నవ్వుతాడని ఎక్కాడో. బస్సులో తిరిగొస్తుంటే మేస్త్రికి ఆ మాట అడగాలనిపించింది. పక్కన బావ కిటికీలోంచి చూస్తూ, "ఆ డాక్టరు కుర్చీ ఎంత ఊగుతోందో చూశావా, నీ చెయ్యి దురద పెట్టుంటుందే" అన్నాడు. మేస్త్రి నవ్వడానికి ప్రయత్నించాడు. అడగలేదు.

పీత ఇప్పుడు నీళ్ళ పైపులు చూసేవాడి చేతికి వెళ్ళింది. మేస్త్రి వాణ్ణి నిలబెట్టి అరగంట చెప్పాడు. "పట్టు బిగించకు, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. రాళ్ళ మీద సీటు మీంచి లేచి మోకాళ్ళ మీద భారం వెయ్యి. అరగంటకోసారి దిగి చేతులు విదిలించు. గ్లౌజులు తియ్యకు. చెయ్యి ఏమాత్రం జుమ్మన్నా నా దగ్గరికి రా, నవ్వుతూ చెప్పకు, సరిగ్గా చెప్పు." వాడు బిత్తరపోయి తలూపాడు. సాయంత్రం వచ్చి, "ఉయ్యాల్లో కూర్చున్నట్టుంది మేస్త్రీ, రోజంతా తిరిగినా ఏం తెలీట్లేదు" అన్నాడు. తోటలో ఎప్పుడూ ఎవరూ మేస్త్రి పనిని అంత మనస్ఫూర్తిగా మెచ్చుకోలేదు. అతను షెడ్డు లోపలికి వెళ్ళిపోయాడు.

బావని గేటు దగ్గరున్న పెద్ద నారుమడికి వేశారు. అక్కడ నీడ పందిరి కింద బల్ల మీద కూర్చుని, ఇద్దరు ఆడవాళ్ళకి అంట్లు కట్టడం నేర్పించడం అతని పని. కత్తి అతను పట్టడు. చూస్తాడు, చెప్తాడు. మేస్త్రి రోజూ మధ్యాహ్నం అన్నం అక్కడికే తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అన్నం తింటూ బావ వేళ్ళ వంక దొంగచూపులు చూసేవాడు. గిన్నె మూత తీస్తాడా, తడబడతాడా, ముద్ద జారుతుందా. ఒకరోజు మూత సులువుగా వచ్చేది, అతనికి ఆ పూటంతా బతుకు తేలిగ్గా ఉండేది. మర్నాడు మళ్ళీ రాకపోయేది. డాక్టరు చెప్పిన ఆర్నెల్లూ అలా లెక్కపెట్టుకుంటూ గడిపాడు. అక్కని అడిగితే, "పై రెండు గుండీలు నేనే పెడుతున్నా, కిందవి ఆయనే పెట్టుకుంటున్నాడు" అంది ఒకసారి. ఇంకోసారి, "అన్నీ నేనే" అంది.

మళ్ళీ అంట్లు కట్టే అదను వచ్చింది. ఆర్నెల్లు నిండిన వారానికి మేస్త్రి ఒక నిశ్చయానికి వచ్చాడు. బావకి తిరిగి వచ్చినా, రాకపోయినా, తను చెప్పాల్సిన మాట ఒకటుంది. వేళాకోళం లేకుండా, సూటిగా, ఒక్కసారి చెప్పాలి. షెడ్డులో ఒక్కడే నిలబడి నాలుగైదు రకాలుగా అని చూసుకున్నాడు. ఏదీ నోటికి కుదరలేదు. ఏదో ఒకటి వస్తుందిలే అని నారుమడికి బయల్దేరాడు.

బావ బల్ల మీద ఉన్నాడు. ఎదురుగా కొత్తగా చేరినావిడ మోకాళ్ళ మీద కూర్చుని మొక్కకి పట్టీ చుడుతోంది. మేస్త్రి వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"బావా, ఆ బుష్షులు" అన్నాడు.

"ఆ, ఏమయ్యాయి? మళ్ళీ ఇనుపవి వేశావా?" బావ కళ్ళు పట్టీ మీదే ఉన్నాయి.

"అది కాదు బావా. నువ్వు ఆ రోజు చెప్పినప్పుడు నేను" అని మేస్త్రి ఆగిపోయాడు.

"ఏ రోజు?" అన్నాడు బావ. తర్వాత మెల్లగా, "తిలాపాపం తలా పిడికెడులేరా. నేను మాత్రం సరిగ్గా చెప్పానా ఏంటి" అన్నాడు. అని, వెంటనే ఆవిడ వైపు వంగి, "అలా కాదమ్మా, పైనుంచి చుట్టకు. కింద నుంచి పైకి చుట్టుకుంటూ రా. లేకపోతే మడతల్లోకి నీళ్ళు దిగుతాయి" అన్నాడు.

మేస్త్రిని క్షమించే పని బావే చేసేశాడు, అతనికి అడిగే అవకాశం కూడా ఇవ్వకుండా. అలా ఇచ్చినదాన్ని తీసుకోవడానికి మనసొప్పలేదు. బావ ఎడమ చెయ్యి బల్ల మీద, ఇద్దరి మధ్యా, వెల్లకిలా ఉంది. మేస్త్రి ఆ చేతి వేళ్ళ కొసల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బావ చెయ్యి వెనక్కి లాక్కుంటాడని, ఏదో ఒక జోకు వేస్తాడని అనుకున్నాడు. అవేవీ జరగలేదు.

"ఆ, ఇప్పుడు మొగ్గ కన్ను మీద పట్టీ పడకుండా పక్క నుంచి పోనివ్వు" అంటున్నాడు బావ. "లాగు. ఇంకొంచెం లాగు. చాలు."

మేస్త్రి వేళ్ళని కొంచెం నొక్కాడు. అవి చల్లగా ఉన్నాయి. మెల్లగా రుద్దాడు. బావ ముందుకి వంగి, ముడి ఎలా వెయ్యాలో చెప్తూ పోయాడు. ముందు ఆవిడే చూసింది. పట్టీ పట్టుకున్న చెయ్యి ఆపి, బల్ల వైపు చూసి, చప్పున తల దించుకుంది.

ఎందుకు ఆపావమ్మా అనబోయి, బావ ఆమె చూసిన వైపు తిరిగాడు. మేస్త్రి చేతుల్లో ఉన్న తన చేతిని కాసేపు చూశాడు. తర్వాత మేస్త్రి మొహంలోకి చూశాడు.

"ఎప్పుడు పట్టుకున్నావురా?" అని అడిగాడు.